పీహెచ్‌డీకి ఆరేళ్ల గడువు: పోయిన కాలం ఎవరి ఖాతాలో?

తరమణి రొయ్య
చెన్నైలో బయోటెక్నాలజీ పీహెచ్‌డీ చేస్తున్నాను, ఫుల్‌టైమ్. 2023 జనవరిలో అడ్మిషన్. 2022 నాటి యూజీసీ (యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ) నిబంధనల ప్రకారం కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. ఆ తర్వాత రీ-రిజిస్ట్రేషన్ చేసుకుంటే ఇంకో 2 ఏళ్ల వరకు ఇవ్వొచ్చు. లెక్క మొదలయ్యేది అడ్మిషన్ తేదీ నుంచి. నా గొడవంతా ఈ లెక్కతోనే.

వైట్ స్పాట్ వైరస్ సోకిన రొయ్యలో ఏ జన్యువులు పనిచేస్తాయన్నది నా టాపిక్. కోర్సువర్క్ చేస్తూనే నెల్లూరు జిల్లా చెరువుల చుట్టూ తిరిగి నమూనాలు తెచ్చుకున్నాను. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వచ్చింది. కరెంటు పోయింది, జనరేటర్‌లో డీజిల్ అయిపోయింది, వీధిలో నీళ్లు నిలిచి తెచ్చేవాడు లేడు. నమూనాలు దాచిన మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ మామూలు బీరువా అయిపోయింది, అన్నీ పాడయ్యాయి. మళ్లీ నమూనాలు కావాలంటే జబ్బు పడ్డ చెరువు దొరకాలి. రైతేమో జబ్బు రాకూడదని మొక్కుకుంటాడు, నేనేమో ఎక్కడ వచ్చిందా అని ఫోన్లు చేస్తుంటాను. పాపం తగలదా?

మొత్తం మీద ఏడాది పోయింది. మొన్న డీసీ (నా పరిశోధనను చూసే డాక్టోరల్ కమిటీ) మీటింగ్‌లో అడిగితే 'గడువు గడువే' అన్నారు. కోవిడ్ అప్పుడు యూజీసీయే థీసిస్ గడువు పొడిగించింది కదా! దేశమంతా మునిగితే మినహాయింపు, ఒక్క ల్యాబ్ మునిగితే లేదా?

అడయార్ అక్క
తమ్ముడూ, నీ బాధ నిజమే. కానీ గడువు మీద రాయి వేయకు. మా రోజుల్లో మా సీనియర్ ఒకాయన తొమ్మిదో ఏట కూడా గైడ్ గారి ఇంటి కరెంటు బిల్లు కట్టి వచ్చేవాడు. థీసిస్ ఏనాడో రాసేశాడు. 'ఇంకో పేపర్ రానీ, చూద్దాం' అంటూ గైడే సంతకం పెట్టలేదు. అడిగే నాథుడు లేడు. ఇప్పుడు ఆరో ఏడు దగ్గర పడితే యూనివర్సిటీ గైడ్‌ను కూడా అడుగుతుంది. గడువు వదులు చేస్తే ముందు బాగుపడేది మీరు కాదు, అలాంటి గైడ్లు.

పార్ట్‌టైమ్ పంతులు
మా సంగతి కూడా వినండి. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, మేనేజ్‌మెంట్ చేత ఎన్‌ఓసీ రాయించుకుని పార్ట్‌టైమ్‌లో చేరాను. వారానికి 18 గంటల క్లాసులు, ఆపై అక్రిడిటేషన్ ఫైళ్లు. నాకూ అదే ఆరేళ్లు. ఫెలోషిప్‌తో ల్యాబ్‌లోనే ఉండేవాళ్లకీ నాకూ ఒకే కొలబద్ద ఏమిటండీ?

అడయార్ అక్క
పంతులు గారూ, మీకు జీతం ఆగదు. వీళ్లకు ఆగుతుంది. నెట్ పరీక్షతో వచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000. అదీ ఐదేళ్లే. ఆరో ఏడు ఈ అబ్బాయి వేళచ్చేరి అద్దె ఎవరు కడతారు? నన్నడిగితే అసలు అన్యాయం అక్కడుంది. ఆరేళ్లు ఇస్తామని రాసి ఐదేళ్లకే డబ్బు ఆపడం ఏం లెక్క?

గిండీ_గేటు
చిన్న సవరణ. మా ఐఐటీల్లో ఈ యూజీసీ లెక్కలు నడవవు, ఏ ఐఐటీకి ఆ ఐఐటీ సెనేట్ పెట్టుకున్న రూల్సే. ఎవరికి ఏవి వర్తిస్తాయో ముందు చూసుకుని వాదించుకోండి.

తరమణి రొయ్య
మాది యూజీసీ కిందిదే అన్నా. అక్కా, గడువు ఎత్తేయమని నేను అనలేదు. పని జరగడానికి వీల్లేని కాలాన్ని లెక్కలోంచి తీసేయమంటున్నాను. మహిళలకు, 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్లకు అదనంగా 2 ఏళ్లు ఇస్తున్నారు. ప్రసూతికి, పిల్లల సంరక్షణకు మహిళలకు 240 రోజుల వరకు సెలవు ఉంది. అంటే అందరి కాలం ఒకేలా నడవదని నిబంధన రాసినవాళ్లే ఒప్పుకున్నారు కదా.

అడయార్ అక్క
సరే, ఒకటి చెప్పు. ప్రతి సెమిస్టర్ కమిటీ ముందు ప్రజెంటేషన్ ఇచ్చి రిపోర్టు పెట్టాలి కదా. తుఫాను తర్వాతి రిపోర్టులో ఏం రాశావు?

తరమణి రొయ్య
'నమూనాల సేకరణ కొనసాగుతోంది' అని. నష్టం అని రాస్తే ప్రోగ్రెస్ సరిగా లేదంటారని, దాంతో లేనిపోని తలనొప్పి అని మా గైడ్ అన్నారు.

పార్ట్‌టైమ్ పంతులు
అయ్యో! కమిటీకి తెలిసేదెలా మరి? వాళ్ల కాగితాల ప్రకారం నీ ఫ్రీజర్ ఇంకా చల్లగానే ఉంది.

అడయార్ అక్క
అదీ కొంప ముంచింది. ప్రోగ్రెస్ బాగాలేదని రాసినా వెంటనే ఎవరూ పీకేయరు. ముందు కమిటీ కారణాలు రాసి, ఏం చేయాలో చెప్పాలి. అవీ నువ్వు చేయకపోతేనే అడ్మిషన్ రద్దు మాట. ఆ భయంతో నీ చేత అబద్ధం రాయించారు. ఫ్రీజర్ లాగ్‌బుక్ ఉందా? ఎలక్ట్రికల్ సెక్షన్‌లో ఆ వారం రిజిస్టర్ ఉంటుంది, కాపీ అడుగు. రెండూ జతచేసి, జరిగింది జరిగినట్టు లెటర్ రాసి, ఈసారి మీటింగ్ మినిట్స్‌లో ఎక్కించమను. నోటిమాటగా అడగకు.

తరమణి రొయ్య
లాగ్‌బుక్ ఉంది, ఒక మూల తడిసింది కానీ చదవొచ్చు. లెటర్ మీద గైడ్ సంతకం కూడా కావాలి కదక్కా?

అడయార్ అక్క
కావాలి. మీ గైడ్ గారు పొద్దున మంచి మూడ్‌లో ఉంటారా, కాఫీ తర్వాతా?