స్టోన్‌హౌస్‌పేటలో మా బిల్డింగ్ నిండా పావురాలు: వల కట్టాలా, ముళ్లు పెట్టించాలా?

పేట అబ్బాయి, నెల్లూరు:

అందరికీ నమస్కారం. మాది స్టోన్‌హౌస్‌పేటలో మూడంతస్తుల బిల్డింగ్. నాన్న 1998లో కట్టించాడు. కింద రెండు బియ్యం హోల్‌సేల్ షాపులు, ఆ పైన రక్తపరీక్షల ల్యాబు, రెండో అంతస్తులో మేము, మూడో అంతస్తులో ఆడిటర్ గారి ఆఫీసు.

నాలుగేళ్ల కిందట ఒక పావురాల జంట ల్యాబు వాళ్ల ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పెట్టి గుడ్లు పెట్టింది. పోనీలే పాపం అని ఊరుకున్నాం. నిన్న పొద్దున లెక్కపెడితే అరవై పైనే ఉన్నాయి. సజ్జాల మీద, ఫ్లెక్సీ బోర్డుల వెనక, మెట్ల కిటికీ చువ్వల మధ్య, పైన పిట్టగోడ మీద వరసగా. దాన్ని పిట్టగోడ అని పెద్దవాళ్లు ఊరికే అనలేదని ఇప్పుడర్థమైంది.

రెట్ట కడుక్కోవచ్చు, అది కాదు నా బాధ. పోయిన నవంబర్‌లో రెండు రోజులు వదలకుండా వాన కురిసింది కదా, డాబా మీద నీళ్లు పోయే గొట్టంలో పుల్లలు, ఈకలు, రెట్ట కలిసి సిమెంటులా గడ్డకట్టాయి. తెల్లారేసరికి డాబా చెరువైంది. ఆడిటర్ గారి ఫైళ్ల బీరువా మీదికి స్లాబ్ నుంచి ధార. ఆయన మంచాయన కాబట్టి ఫ్యాన్ కింద ఫైళ్లు ఆరబెట్టుకుని ఊరుకున్నాడు. ల్యాబు ఆయన మాత్రం "ఇంకో ఏసీ పోతే ఖాళీ చేస్తా" అని మొహం మీదే చెప్పేశాడు.

చేయాల్సినవన్నీ చేశా. పాత సీడీలు వేలాడదీశా. వారం భయపడి, ఆ తర్వాత వాటిలో మొహం చూసుకుంటున్నాయి. 450 రూపాయలు పెట్టి ప్లాస్టిక్ గుడ్లగూబ కొన్నా. మూడో రోజు దాని నెత్తి మీదే ఒకటి కూర్చుంది, ఫొటో కూడా ఉంది. ఆఖరికి మైపాడు వైపు తెలిసినాయన దగ్గర పాత చేపల వల తెచ్చి కట్టా. సన్న తీగ వల. రెండో రాత్రి ఒక పావురం రెక్కా కాలూ చిక్కుకుని తెల్లవార్లూ కొట్టుకుని చచ్చిపోయింది. అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. వల నేనే పీకేశా.

ఇప్పుడు ఒకాయన వచ్చి కొలతలు తీసుకుని, వలా, పిట్టలు వాలకుండా బిగించే సూదుల్లాంటి ముళ్లూ కలిపి 46 వేలు అన్నాడు. ఇంకొకాయన జిగురు పూస్తే చాలు, సగం ఖర్చే అంటున్నాడు. ఏది నమ్మాలో తెలియడం లేదు. ఏసీల వెనక రెండు గూళ్లలో పిల్లలు కూడా ఉన్నాయి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కావలి ఏసీ మెకానిక్:

అన్నా, నేను చెప్పేది ఏసీల సంగతే. రెట్ట, ఈకలు అవుట్‌డోర్ యూనిట్ వెనక రేకుల మధ్య చేరితే గాలి ఆడదు. కంప్రెసర్ వేడెక్కి ట్రిప్ అవుతుంది. పైగా రెట్టలో యాసిడ్ గుణం ఉంటుంది, ఆ పల్చటి అల్యూమినియం రేకుల్ని మెల్లగా తినేస్తుంది. గోడకీ యూనిట్‌కీ మధ్య జానెడు సందు వాటికి అచ్చొచ్చిన ఇల్లు.

కానీ దోమల జాలీ మాత్రం కట్టొద్దు. యూనిట్ వెనక నుంచే గాలి పీలుస్తుంది, జాలీకి దుమ్ము పట్టిందంటే మళ్లీ అదే కథ. అంగుళం గళ్ల వెల్డ్ మెష్ (తీగలు అతికించిన గట్టి జాలీ)తో బోనులా చేయించి, కాస్త ఎడంగా బిగించు. బిల్డింగ్ మొత్తానికి వల కడితే మాత్రం ఏసీల దగ్గర జిప్పు పెట్టమని కచ్చితంగా చెప్పు. ఎందుకంటే సర్వీసుకొచ్చి వల కోసేది మేమే. కోసింది మళ్లీ కట్టం. నిజమే చెప్తున్నా, తిట్టుకోవద్దు.

గూడూరు ఫ్యాన్సీ స్టోర్:

ఆన్‌లైన్‌లో అల్ట్రాసోనిక్ మిషన్ దొరుకుతుంది బ్రదర్. కరెంటుకి పెడితే మనకి వినపడని సౌండ్ వస్తుంది, పావురాలు పారిపోతాయట.

ఒంగోలు మేడమ్:

మనకి వినపడని ఆ సౌండ్ పావురాలకీ వినపడదు. అంత పైస్థాయి శబ్దం వాటి చెవికి ఎక్కదు. మేమూ రెండు కొన్నాం. వాటి మీదే గూడు పెట్టాయి, వెచ్చగా ఉందేమో.

పేట అబ్బాయిగారూ, ఒంగోలు కర్నూలు రోడ్డులో మాకో కల్యాణ మండపం ఉంది. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాక దాని వ్యవహారం నా నెత్తిన పడింది. మూడేళ్లు పావురాలతో యుద్ధం చేసి, డబ్బు తగలేసి నేర్చుకున్నది చెప్తాను.

ముందు పిల్లల సంగతి. గూడులో గుడ్లుంటే పద్దెనిమిది రోజులకి అటూ ఇటూగా పిల్లలవుతాయి, ఆ తర్వాత ఎగరడానికి ఇంకో నెల పైచిలుకు. అవి వెళ్లేదాకా ఆగండి. ఈలోపు కొత్త గూళ్ల పుల్లలు రోజూ తీసేస్తూ ఉండండి, అందులో గుడ్లు పడకముందే. పిల్లలు లోపలుండగా వల కడితే తల్లులు బయట కొట్టుకుంటాయి, పిల్లలు లోపల చస్తాయి, వారానికి ఆ వాసన మీ ల్యాబులోకే వస్తుంది. మొదటిసారి మాకు జరిగింది అదే. ఇంకో మూణ్ణెల్లలో పెళ్లి ముహూర్తాలు పెట్టుకుని ఆ వాసన వదిలించడానికి ఎన్ని తంటాలు పడ్డామో.

ఇక వల. మీరు కట్టింది చేపల కోసం, చిక్కుకోవడమే దాని పని. పావురాలకి కట్టేది ముడులు వేసిన దళసరి నైలాన్ దారంతో, ఎండకి పెళుసుబారకుండా చేసిన వల. గళ్లు 50 మిల్లీమీటర్లు ఉంటే పావురం దూరలేదు. పిచ్చుకలు కూడా రాకూడదంటే 19 మిల్లీమీటర్లది కావాలి, కానీ పిచ్చుకల్ని ఎవరు ఆపుతారు, ఉన్నవే కొన్ని. వలని చీరలా వదులుగా వేలాడదీస్తే మళ్లీ చిక్కుకుంటాయి. చుట్టూ తీగ లాగి మంచం నవారులా బిగించాలి. ఆ తీగా కొక్కేలూ స్టెయిన్‌లెస్ స్టీలే వాడమనండి. మనది సముద్రపు గాలి. మాకు మొదట కట్టినాయన జీఐ (జింకు పూత ఇనప) తీగ వేస్తే రెండో ఏడు వానలకి తుప్పు పట్టి ఒక మూల ఊడింది. ఆ మూల నుంచి ఇరవై లోపలికొచ్చాయి, బయటికి దారి తెలియలేదు. ఆ రోజు మండపంలో సీమంతం. ఇంక ఊహించుకోండి.

పని అయ్యాక మేస్త్రీకి డబ్బులిచ్చే ముందు మూలలు, పైపులు వెళ్లే చోట్లు మీరే చెయ్యి పెట్టి చూసుకోండి. మీ పిడికిలి దూరిందంటే పావురం దూరినట్టే.

ముళ్లు వల కట్టలేని చోటకే. బోర్డు పై అంచు, సన్న సజ్జా లాంటివి. సజ్జా వెడల్పంతా ముళ్లు పరవాలి. ముందు ఒక్క వరస పెట్టి వెనక నాలుగు వేళ్ల సందు వదిలితే ఆ ముళ్లనే కంచె చేసుకుని వెనక గూడు కడతాయి. ముళ్ల మధ్య పుల్లలు ఇరికించి పరుపు చేసుకోవడం కూడా చూశాను.

జిగురు వద్దు. రెండు నెలల్లో దుమ్ము పట్టి ఎందుకూ పనికిరాదు. ఈలోపు చిన్న పిట్టలు అంటుకుని చస్తాయి. విషం పెడదామనేవాళ్లు కూడా వస్తారు, గడప దాటనీయకండి. జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపడానికి 1960 నుంచే చట్టం ఉంది.

ఇంకొకటి. ఎండిన రెట్టని చీపురుతో ఊడ్పించకండి. మా వాచ్‌మన్ రోజూ ఊడ్చి ఊడ్చి పొడిదగ్గుతో ఆరు నెలలు బాధపడ్డాడు. ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే అడిగిన మొదటి ప్రశ్న, "మీరుండే చోట పావురాలున్నాయా?" ముందు నీళ్లు చల్లి నానబెట్టి, ఎన్95 మాస్కూ గ్లౌజులూ వేసుకుని పారతో గీకి తీయించండి. బ్లీచింగ్ పౌడర్ కలపొద్దు, రెట్టలో అమ్మోనియా ఉంటుంది, రెండూ కలిస్తే ఘాటు వాయువు వస్తుంది. సబ్బునీళ్లు చాలు.

ఇంతా చెప్పి అసలు ప్రశ్న అడగలేదు. అరవై పావురాలు ఊరికే రావు. వాటికి తిండి ఎవరు పెడుతున్నారు?

పేట అబ్బాయి:

మేడమ్, ఎక్కడ అడుగుతారో అనుకుంటూనే ఉన్నా. కింద బియ్యం షాపుల దగ్గర బస్తాలు దించేటప్పుడు రాలేవి ఉన్నాయి. కానీ అసలు సంగతి అమ్మ. రోజూ పొద్దున ఆరింటికి డాబా మీద శేరు నూకలు చల్లుతుంది. నాన్న పోయినప్పటి నుంచి. వద్దంటే, "నేలపట్టు పక్షుల కేంద్రానికి గూడబాతులు (పెలికాన్లు) వస్తే ఊరికి మంచిదని కళ్లకద్దుకుంటారు, మనం ఇంటికొచ్చిన వాటిని తరుముతామా" అంటుంది. ఏం చెప్పను?

చీమకుర్తి రాళ్ల వ్యాపారి:

నేలపట్టు పక్షులు చలికాలం ముందు వస్తాయి, పిల్లల్ని లేపుకుని ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి. మీ పావురాలు ఎక్కడికి వెళ్తాయి? తిండి ఉంటే ఏడాదంతా గుడ్లు పెడతాయి. అమ్మగారికి అలా చెప్పి చూడండి. తిండి గొడవ చిన్నది కాదులెండి, ముంబైలో 2025లో దాదర్ కబూతర్‌ఖానాకి, అదే పావురాలకి గింజలు వేసే చోటుకి, టార్పాలిన్లు కప్పితే జనం వచ్చి పీకేసి ఎంత రచ్చ చేశారో టీవీలో చూశాం.

నాదొక్క సలహా. పావురం పుట్టుక కొండరాళ్ల అంచుల మీద, మన సజ్జాలు దానికి కొండ అంచుల్లాగే కనపడతాయి. బల్లపరుపుగా ఉంటేనే నిలబడుతుంది. కాబట్టి సజ్జాల మీద గ్రానైట్ తుంపులు ఏటవాలుగా పెట్టించి సిమెంటు చేయించండి. 45 డిగ్రీలకి తగ్గకూడదు, పైన పాలిష్ ఉండాలి. జారిపోతుంటే ఎన్నిసార్లు ప్రయత్నిస్తాయి? మా వైపు తుంపులు ఫ్యాక్టరీల పక్కన గుట్టలుగా పడి ఉంటాయి, రవాణా ఖర్చే. ఒకసారి చేయిస్తే తుప్పూ లేదు, సర్వీసూ లేదు.

పేట అబ్బాయి (ఏడు వారాల తర్వాత):

అప్‌డేట్ ఇస్తున్నా. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగాం. ఆఖరిది మరీ బద్ధకంది, ల్యాబు ఆయన రోజూ ఫోన్ చేసి "మీవాడు వెళ్లాడా" అని అడిగేవాడు. తర్వాత వెనక వైపంతా, మెట్ల సందూ వల కట్టించాం. స్టీలు తీగ వేయమంటే కంపెనీవాడు ఇంకో నాలుగు వేలు అడిగాడు, ఇచ్చా. ఏసీల దగ్గర జిప్పులున్నాయి. రోడ్డువైపు సజ్జాలకి గ్రానైట్ తుంపులు. మొదటి రెండు రోజులు పావురాలు వాలడం, జారడం, రెక్కలు కొట్టుకోవడం, కింద బస్తాలు మోసేవాళ్లంతా పని ఆపి చూశారు. ముళ్లు బోర్డుల మీద మాత్రమే. డాబా గొట్టానికి మూతజాలీ వేయించా. షాపుల వాళ్లు సాయంత్రం రాలిన బియ్యం ఊడ్చి ఎత్తేస్తామన్నారు, ఒకరు చేస్తున్నారు, ఒకరు చేయడం లేదు.

అమ్మ సంగతి. రాళ్లాయన చెప్పిన మాట చెప్తే ఏమీ మాట్లాడలేదు. రెండు రోజులాగి పొదలకూరు వైపు మా చిన్నాన్న వాళ్లకి తనే ఫోన్ చేసి వరికంకుల కుచ్చు అల్లించి తెప్పించింది. చిన్నప్పుడు వాళ్ల వసారాలో అలాగే కట్టేవాళ్లట. మా బాల్కనీ దూలానికి వేలాడదీశాం. పావురం దాన్ని పట్టుకుని వేలాడలేదు, బరువు. మూడు పిచ్చుకలు వస్తున్నాయి. నూకలు మానేసింది, పూర్తిగా కాదు, అమావాస్యకి ఒక గుప్పెడు.

ఇప్పుడు మా డాబా మీద ఏడో ఎనిమిదో ఉంటాయి. మిగతావి పక్క బట్టలషాపు బోర్డు మీదికి చేరాయి. ఆ షాపాయన నిన్న పొద్దునే వచ్చి, "ఏంది సామీ, మీ పావురాలు మా ఇంటికొచ్చినయ్" అని నిలదీశాడు. వలాయన నంబర్ ఇచ్చి పంపించా.