అప్‌డేట్: పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద స్టార్ ట్రెయిల్స్‌లో గీతలు తెగడం ఆగింది

స్టార్ ట్రెయిల్స్ అంటే కెమెరా కదపకుండా వరసగా తీసిన ఫొటోలు కలిపి, నక్షత్రాల కదలికను గీతలుగా చూపించడం. నా ఫొటోల్లో ఆ గీతలు ముక్కలు ముక్కలుగా తెగుతున్నాయని, తెల్లవారుజామున లెన్స్‌కి మంచు పడుతోందని అడిగాను కదా. రెండూ తీరాయి. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

తెగడానికి కారణాలు రెండు. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే ప్రతి ఫ్రేము తర్వాత కెమెరా అంతే సేపు డార్క్ ఫ్రేము (నాయిస్ తీసేయడానికి వెలుగు పడకుండా తీసే ఫొటో) తీస్తుంది, ఆకాశం ఆ లోపు జరిగిపోతుంది. అందుకే దాన్ని ఆఫ్ చేశాను. ఇక చాలా కెమెరాల్లో 30 సెకన్ల ఎక్స్‌పోజర్ అంటే నిజానికి 32 సెకన్లు. ఇంటర్వెల్ (ఒక ఫ్రేము మొదలు నుంచి తర్వాతి ఫ్రేము మొదలు దాకా సమయం) 31 పెడితే ఫ్రేము విడిచి ఫ్రేము ఎగిరిపోతుంది. 33 పెట్టండి.

ఇప్పటి సెట్టింగ్: 14 ఎంఎం, ఎఫ్ 2.8, ఐఎస్ఓ 800, వైట్ బ్యాలెన్స్ 4000కె, రా (RAW) ఫైలు. 120 ఫ్రేములకు 66 నిమిషాలు, ఒక్కో నక్షత్రం గీసే చాపం పదహారున్నర డిగ్రీలు వస్తుంది. చివర్లో లెన్స్ మూత పెట్టి, అవే సెట్టింగులతో పది డార్క్ ఫ్రేములు.

నక్షత్రాల వలయాలకు కేంద్రం దాదాపు ధ్రువనక్షత్రం దగ్గరే. వంజంగిలో అది దిగంతం నుంచి సుమారు 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఉత్తరాన కొండ అంతకన్నా ఎత్తుంటే వలయాల కేంద్రం దాని వెనక పోతుంది. పగలే చూసుకోవాలి.

శుక్ల అష్టమి నాడు వెళ్తే చాలా బాగుంటుంది: చంద్రుడుండగా కొండను విడిగా తీసి, అర్ధరాత్రి అస్తమించాక ట్రైపాడ్ కదపకుండా నక్షత్రాలు తీసి, తర్వాత రెండూ కలపొచ్చు. మంచుకి పవర్ బ్యాంక్‌తో నడిచే హీటర్ పట్టీ, మంచు పట్టకముందే చుట్టాలి. ఫోకస్ రింగ్‌కి టేప్ వేశాకే చుట్టండి, లేకపోతే పట్టీ బిగించేటప్పుడు రింగ్ తిరుగుతుంది.