కోనోఫైటమ్ కొనడం తప్పా?

మిద్దెతోట: ఆన్‌లైన్‌లో 1,800 పెట్టి కోనోఫైటమ్ అనే చిన్న సక్యులెంట్ (ఆకుల్లో నీళ్ళు దాచుకునే మొక్క) తెప్పించాను. బొడ్డు మోడు మీద శనగగింజంత తలలు (ఆకు జతలు) 11. కింద ఏళ్ళనాటి ఎండు పొరలు, వేళ్ళ సందుల్లో పలుగురాయి ముక్కలు. ఇది దక్షిణాఫ్రికాలో తవ్వి తెచ్చిందేనా? ఇలాంటివి కొనొచ్చా?

ఎర్రమట్టి: తవ్విందే అనిపిస్తోంది. 2019 నుంచి అక్కడ పట్టుబడ్డ సక్యులెంట్లు పది లక్షలు దాటాయి, వాటిలో ఎక్కువగా ఇవే. కొన్ని జాతులు ఒకటి రెండు గుట్టల మీదే బతుకుతాయి. ఒక్క సంచి నింపుకుపోతే గుట్ట ఖాళీ. కొనకండి.

కుండీబాబాయ్: ఎండు పొర చూసి అడవిదంటారా? విత్తనం నుంచి పెంచిన నా మొక్కలకీ ఉంది. వేసవిలో పాత ఆకులు కాగితంలా ఎండి లోపలి కొత్త జతను కాపాడతాయి.

ఎర్రమట్టి: పొర సంగతి నేనెత్తలేదు. పలుగురాయి చూడండి.

కుండీబాబాయ్: పలుగురాయి నా కుండీలోనూ ఉంది, నేనే వేశాను.

చిట్టిగులాబీ: మధ్యలో వస్తున్నా, జూన్‌లో వీటికి నీళ్ళు పోయాలా?

కుండీబాబాయ్: ఆరేళ్ళు పెంచిన మొక్క ఫొటో పెడితే ఒక గ్రూపులో నన్ను దొంగసరుకువాడన్నారు. మళ్ళీ ఫొటో పెడితే ఒట్టు. ఇప్పుడు మీరూ మొదలెట్టారు.

ఎర్రమట్టి: మిమ్మల్నెవరన్నారండీ? ప్రతిదీ మీ మీదికే లాక్కుంటారేంటి!

పచ్చిమిర్చి: ఇద్దరూ కాస్త మజ్జిగ తాగండి.

కుండీబాబాయ్: పీకినవాణ్ణి వదిలేసి కొన్నవాళ్ళకి క్లాసు పీకడమే నాకు నచ్చనిది. జైల్లో వెయ్యాల్సింది వాణ్ణి.

ఎర్రమట్టి: అదీ అసలు మాట. మాది తిరుపతి పక్కన. ఎర్రచందనం కేసుల్లో కొండెక్కిన కూలీలు ఎంతమంది లోపలికెళ్ళారో చూస్తూ పెరిగాను. దుంగ కొన్న దొర పేరు ఎప్పుడైనా విన్నారా? దక్షిణాఫ్రికాలో ఇవి పెరిగే నమక్వాలాండ్‌లోనూ అంతే. కోవిడ్‌లో పనులు పోయి తవ్వినవాళ్ళున్నారు. కొనేవాడే లేకపోతే ఆ గింజంత మొక్కని ఎవరు పీకుతారు?

కుండీబాబాయ్: పని పోయినవాళ్ళంతా పీకలేదుగా. పేదరికం అంటే తప్పు ఒప్పైపోతుందా?

ఎర్రమట్టి: ఒప్పనలేదు. శిక్ష ఒక్కడికేనా అంటున్నా.

మిద్దెతోట: విత్తనం ఎప్పుడు నాటారని అమ్మినాయన్ని అడిగాను. బ్లాక్ చేశాడు. ఇక్కడేమో నిన్నటి నుంచి రెండు తలలు మెత్తబడ్డాయి.

కుండీబాబాయ్: నీళ్ళు పోశారా?

మిద్దెతోట: రోజూ.

కుండీబాబాయ్: అయ్యో, ఆపెయ్యండమ్మా! వేసవంతా దాని నిద్ర. మెత్తబడ్డవి కోసేసి, వాన పడని చోట పెట్టండి. ఎండు పొర మాత్రం ఒలవకండి.

ఎర్రమట్టి: ఇందులో బాబాయ్ మాటే వినండి.