67 ఏళ్ల బ్రూస్ బోచీ చేతికి టెక్సాస్ రేంజర్స్: ముందడుగా, వెనకడుగా?

ఆర్లింగ్టన్ వాసి (అక్టోబర్ 21, 2022)
మన బేస్‌బాల్ జట్టు రేంజర్స్ ఈ రోజు బ్రూస్ బోచీని మేనేజర్‌గా ప్రకటించింది. మూడేళ్ల ఒప్పందం. శాన్ ఫ్రాన్సిస్కో జయంట్స్‌కు 2010, 2012, 2014లో వరల్డ్ సిరీస్‌లు (ఏటా జరిగే లీగ్ ఫైనల్) గెలిపించి, 2019 చివర్లో తప్పుకున్న మనిషి. మన జట్టేమో ఈ ఏడాది 68 గెలిచి 94 ఓడింది. ఆగస్టులో మేనేజర్ క్రిస్ వుడ్‌వర్డ్‌ను, రెండు రోజులకే ఆయన పైనున్న జాన్ డేనియల్స్‌ను ఇంటికి పంపారు. నాకైతే చాలాకాలానికి ఒక మంచి కబురు విన్నట్టుంది. మీరేమంటారు?

ఫ్రిస్కో ఫాస్ట్‌బాల్
మంచి కబురా? పేరు చూసి మురిసిపోతున్నారు. మూడేళ్లుగా పెద్ద లీగ్ డగౌట్‌లో (మైదానం పక్కన జట్టు కూర్చునే చోటు) కూర్చోని మనిషి ఆయన. పోయిన నెల జర్మనీలో ఫ్రాన్స్ జట్టును వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ అర్హత పోటీలకు తీసుకెళ్లారు, అదీ గట్టెక్కలేదు. జయంట్స్‌తో చివరి మూడు సీజన్లలో గెలుపులు 64, 73, 77. మొత్తం కెరీర్ చూసినా 2,003 గెలుపులు, 2,029 ఓటములు. ఆయన వెళ్లాక రెండో ఏడాదే గేబ్ కాప్లర్ కింద అదే జట్టు 107 గెలిచింది.

షికాగో వైట్ సాక్స్ చేసిన పని అప్పుడే మరిచిపోయారా? 2020లో 76 ఏళ్ల టోనీ లా రుస్సాను తెచ్చుకున్నారు. హాల్ ఆఫ్ ఫేమ్ మనిషి, తిరుగులేదన్నారు. ఈ జూన్‌లో డాడ్జర్స్ మీద ఆయన చేసిన ఘనకార్యం చూశారుగా. ట్రే టర్నర్‌కు ఒక బాల్, రెండు స్ట్రైకులు. ఇంకొక్క స్ట్రైక్ పడితే ఔట్. అలాంటివాడిని కావాలని నడిపించి, అంటే బంతి ఆడనివ్వకుండానే, మొదటి బేస్ ఇచ్చారు. తర్వాత వచ్చిన మాక్స్ మన్సీ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. స్టాండ్స్‌లో ఉన్న ప్రేక్షకులకే అర్థమైంది, ఆయనకు కాలేదు. ఆరోగ్యం బాగాలేక ఆగస్టు చివర్లో తప్పుకున్నారు, ఈ నెల మొదట్లో రిటైర్మెంట్ ప్రకటించారు. మనకూ అదే ముచ్చటా?

మూడో బేస్ మూర్తి
ఫాస్ట్‌బాల్ గారూ, 107 అన్నారు, బాగుంది. ఈ ఏడాది కాప్లర్ ఎన్ని గెలిచారో కూడా చెప్పాల్సింది. 81. మేనేజర్ మహిమ ఒక్క ఏడాదికే ఆవిరైందా?

లా రుస్సా పోలిక అసలు అతకదు. అక్కడ యజమాని జెర్రీ రైన్స్‌డార్ఫ్‌కు 1986లో ఆయన్ని పోగొట్టుకున్నామన్న బాధ ఉంది, అది తీర్చుకున్నారు. ఇక్కడ పిలిచింది జనరల్ మేనేజర్ క్రిస్ యంగ్. 2006లో శాన్ డియేగో పాడ్రెస్‌లో బోచీ దగ్గర స్వయంగా పిచ్చింగ్ (బంతి వేయడం) చేసినవాడు. ఆయన కింద పనిచేసి తెలుసుకుని తెచ్చుకున్నాడు. వయసే నేరమైతే పక్క ఊరు హ్యూస్టన్ చూడండి. అక్కడి మేనేజర్, 73 ఏళ్ల డస్టీ బేకర్ ఈ ఏడాది 106 గెలిచి ఇప్పుడు యాంకీస్‌ను ముప్పుతిప్పలు పెడుతున్నారు.

ప్లేనో కుర్రాడు
క్రికెట్ నుంచి ఈ ఆటకు వచ్చినవాణ్ని, చిన్న సందేహం. బ్యాట్ పట్టడు, బంతి వేయడు. మేనేజర్ వల్ల నిజంగా మ్యాచ్‌లు మారతాయా?

మూడో బేస్ మూర్తి
క్రికెట్‌లో బౌలర్‌ను మార్చేది మైదానంలో ఉన్న కెప్టెన్. ఇక్కడ ఆ పని డగౌట్‌లో కూర్చున్న మేనేజర్‌ది. పైగా ఒకసారి తీసేసిన పిచ్చర్ ఆ మ్యాచ్‌లో మళ్లీ రాడు. అలసిపోయాడని ఎప్పుడు గుర్తించాలి, ఎవరిని పంపాలి అన్నదే సగం ఆట.

2014 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ చూడండి. కాన్సస్ సిటీలో జయంట్స్ 3-2 ఆధిక్యంలో ఉంది. ఐదో ఇన్నింగ్స్‌లో బోచీ మాడిసన్ బమ్‌గార్నర్‌ను దింపారు. అతను ఐదో మ్యాచ్ మొత్తం వేసి రెండు రోజులే విశ్రాంతి తీసుకున్నాడు. ఒకటి రెండు ఇన్నింగ్స్ వేయించి తీసేస్తారని అందరూ అనుకున్నారు. బోచీ మాత్రం ఐదు ఇన్నింగ్స్, 68 బంతులు, చివరి ఔట్ దాకా అతని చేతిలోనే ఉంచారు. ఒక్క పరుగు రాలేదు. అది కంప్యూటర్ చెప్పే నిర్ణయం కాదు.

ఈ ఏడాది రేంజర్స్ ఒక్క పరుగు తేడాతో తేలిన మ్యాచ్‌లు 50. గెలిచింది 15, ఓడింది 35. ఆ 35లో పది వెనక్కి లాగగలిగినా మన గతి వేరుగా ఉండేది.

ఎడమచేతి వాటం
ఆ 15-35 సగం దురదృష్టం. ఎవరు కూర్చున్నా వచ్చే ఏడాది దానంతటదే కొంత సర్దుకుంటుంది, ఆ ఘనత మాత్రం బోచీ ఖాతాలో పడుతుంది.

నా అభ్యంతరం వయసు కాదు, నియమాలు. బోచీ గొప్పతనం బుల్‌పెన్‌లో, అంటే మ్యాచ్ మధ్యలో దింపే పిచ్చర్లను వాడుకోవడంలో ఉంది. హావియెర్ లోపెజ్ అని ఎడమచేతి పిచ్చర్ ఉండేవాడు. అవతల ఎడమచేతి బ్యాటర్ రాగానే అతన్ని దింపి, ఒక్క ఔట్ తీయించి, వెంటనే మార్చేవారు. 2020 నుంచి ఆ విద్య చెల్లదు. కొత్తగా వచ్చిన పిచ్చర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగియాలి. బోచీ ఈ నియమం కింద పెద్ద లీగ్‌లో ఒక్క సీజన్ కూడా నడపలేదు. వచ్చే ఏడాది బంతి వేయడానికి పిచ్చర్‌కు గడువు చూపే గడియారం పెడుతున్నారు, ఫీల్డర్లందరినీ ఒక పక్కకు నెట్టే షిఫ్టును ఆపేస్తున్నారు. ఆయన అనుభవంలో ఎంత భాగం ఇంకా పనికొస్తుంది? దీనికి ఎవరూ జవాబు చెప్పడం లేదు.

మూడో బేస్ మూర్తి
గడియారం అందరికీ కొత్తే కదండీ, 40 ఏళ్ల మేనేజర్‌కైనా. షిఫ్టు ఆపితే లాభపడేది మన బ్యాటర్ కోరీ సీగరే. ఈ ఏడాది కుడివైపు అతను గట్టిగా కొట్టిన బంతులన్నీ నేరుగా ఫీల్డర్ల చేతుల్లోకే. ముగ్గురు బ్యాటర్ల నియమం మాట మాత్రం నిజం.

ఇర్వింగ్ శారద
2010లో వరల్డ్ సిరీస్ పోయింది ఈ బోచీ చేతిలోనే. నవంబర్ 1, ఆర్లింగ్టన్‌లోనే, క్లిఫ్ లీ మీద ఎడ్గర్ రెంటెరియా మూడు పరుగుల హోమ్ రన్. మరుసటి ఏడాది ఒక్క స్ట్రైక్ దూరంలో, అదీ రెండుసార్లు, కప్పు జారిపోయింది లా రుస్సా కార్డినల్స్ చేతిలో. మనల్ని ఏడిపించిన ఇద్దరు పెద్దమనుషుల్లో ఒకరిని షికాగో ఏరుకుంది, రెండో ఆయన మనకు మిగిలారు. బేరం మనకే బాగా కుదిరిందని నా ఉద్దేశం.

ఫ్రిస్కో ఫాస్ట్‌బాల్
నవ్వొచ్చింది, ఒప్పుకోలేదు. సీగర్‌కు 32.5 కోట్ల డాలర్లు, మార్కస్ సెమియన్‌కు 17.5 కోట్లు. ఇద్దరికీ కలిపి 50 కోట్లు పోసి 94 ఓడాం. తప్పు మేనేజర్‌దే అంటే ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే. మ్యాచ్ మొదలుపెట్టే స్టార్టింగ్ పిచ్చర్లలో నిలకడగా వేసింది మార్టిన్ పెరెజ్ ఒక్కడే, అతని ఒప్పందమూ అయిపోయింది. బోచీకి శాన్ ఫ్రాన్సిస్కోలో లిన్సెకమ్, కెయిన్, బమ్‌గార్నర్ ఉన్నారు. ఇక్కడ ఎవరున్నారు?

ఆర్లింగ్టన్ వాసి
మూడు కప్పులున్న మనిషి ఓడే జట్టు కోసం ఇల్లు వదిలి వస్తాడా? పిచ్చర్లను కొంటామని మాట తీసుకునే వచ్చుంటారని నా అనుమానం.

ఎడమచేతి వాటం
అనుమానాలతో ఇన్నింగ్స్ గడవవు. శీతాకాలంలో కనీసం ఇద్దరు పేరున్న స్టార్టర్లను కొననివ్వండి, అప్పుడు మాట్లాడదాం. కొనకపోతే ఏప్రిల్‌లో ఇదే చర్చలో మళ్లీ కలుస్తాం.