అప్‌డేట్: ‘బ్రాండ్ న్యూ’లో బ్రాండ్ అంటే కంపెనీ పేరు కాదు

‘బ్రాండ్ న్యూ’ అనే ఆంగ్ల పదబంధంలోని బ్రాండ్ కంపెనీ ముద్రేనా, దానిని తెలుగులో ఎలా చెప్పాలి అని లోగడ అడిగాను. జవాబిచ్చిన వారికి కృతజ్ఞతలు. నా ఊహ తప్పు. పాత ఇంగ్లీషులో బ్రాండ్ అంటే నిప్పు, మండుతున్న కొరివి. అందువల్ల కొలిమిలోంచి అప్పుడే తీసిన ఇనుప వస్తువంత కొత్తదని ఆ మాటకు మూలార్థం. షేక్‌స్పియర్ ఇదే భావంతో ‘ఫైర్ న్యూ’ అని వాడాడు. వ్యాపార చిహ్నమనే అర్థం, కాల్చిన ఇనుముతో వేసే ముద్ర నుంచి, చాలా తరువాత వచ్చింది.

ఎవరో ప్రస్తావించిన ‘స్లైస్డ్ బ్రెడ్’ పోలిక (కొత్తగా వచ్చినదాన్ని ‘ముక్కలుగా కోసిన రొట్టె తరువాత ఇదే గొప్పది’ అని ఇంగ్లీషులో పొగడటం) కథ వేరు. ఒట్టో రోవెడర్ కనిపెట్టిన యంత్రంతో ముక్కలుగా కోసిన రొట్టెను 1928 జూలై 7న అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, చిల్లికోతీలో తొలిసారి అమ్మారు. రొట్టెకు కాగితం చుట్టడం మొదలైన తరువాత ఇదే పెద్ద ముందడుగని నాటి ప్రకటన చెప్పుకుంది.

నా అనువాదంలో ‘కొత్త బ్రాండు’ కొట్టివేసి ‘సరికొత్త’ అని రాశాను. ‘కొంగొత్త’ నాకు మరింత ఇష్టమే గాని, అమ్మకపు ప్రకటనలో అది కవిత్వంలా వినిపిస్తుంది.