బయాస్ డీఫాల్ట్‌ల తర్వాత రాక్ సర్వర్ బూట్ కావడం లేదు

ప్రశ్న: వర్చువల్ మెషీన్ల (సర్వర్‌లో సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్ల) కోసం వీటీ-ఎక్స్ (ఇంటెల్ ప్రాసెసర్‌లో అందుకు ఉండే సదుపాయం) ఆన్ చేయబోయి, పొరపాటున బయాస్‌లో (సర్వర్ ప్రారంభ సెట్టింగుల్లో) డీఫాల్ట్‌లను లోడ్ చేశాను. అప్పటి నుంచి బూట్ డివైస్ దొరకలేదన్న సందేశమే వస్తోంది. రెయిడ్ కంట్రోలర్ (పలు డిస్కులను కలిపి నడిపే పరికరం) మెనూలో మాత్రం డిస్కులన్నీ సక్రమంగానే కనిపిస్తున్నాయి. దయచేసి దారి చూపగలరు.

సమాధానం: కంగారు పడకండి. డీఫాల్ట్‌లతో బూట్ మోడ్ యూఈఎఫ్ఐకి (కొత్త తరహా బూట్ పద్ధతికి) మారి ఉంటుంది. మీ ఆపరేటింగ్ సిస్టమ్‌ను లెగసీ (పాత బయాస్) పద్ధతిలో ఎంబీఆర్ (పాత తరహా విభజన పట్టిక) డిస్కుపై ఇన్‌స్టాల్ చేసి ఉంటే, యూఈఎఫ్ఐ వెతికే ఈఎస్‌పీ (బూట్ ఫైళ్లుండే) విభాగం సాధారణంగా అందులో ఉండదు కనుక అది బూట్ కాదు. మోడ్‌ను లెగసీకి మార్చి, సేవ్ చేసి చూడండి. కంట్రోలర్ మెనూలోని ‘ఇనిషియలైజ్’ జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి, డేటా పోతుంది.

ప్రశ్న అడిగినవారు: లెగసీకి మార్చగానే లేచిందండీ, కృతజ్ఞతలు.

మరో సమాధానం: సర్వర్‌లో అమర్చిన పీసీఐ కార్డును నేరుగా వర్చువల్ మెషీన్‌కు అప్పగించదలిస్తే వీటీ-ఎక్స్ ఒక్కటే చాలదు, వీటీ-డీ కూడా ఆన్ చేయాలి.