ఆపరేషన్ గాయంలో ఎంఆర్‌ఎస్‌ఏ ఉందన్నారు: ఇది ఆసుపత్రుల్లో ఎలా వ్యాపిస్తుంది?

ప్రశ్న (గుంటూరు సభ్యుడు):

మా నాన్నగారికి ఇటీవల మోకాలి కీలు మార్పిడి ఆపరేషన్ జరిగింది. ఇంటికి తీసుకువచ్చిన కొద్ది రోజులకే కుట్ల దగ్గర ఎర్రబడి చీము పట్టడంతో, ఆసుపత్రివారు చీమును కల్చర్ పరీక్షకు పంపించారు. రిపోర్టులో స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా పేరు రాసి, మందుల పట్టికలో సెఫాక్సిటిన్ ఎదురుగా ‘ఆర్’ అనీ, లినెజోలిడ్ ఎదురుగా ‘ఎస్’ అనీ వేశారు. ఇది మామూలు మందులకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ అని డాక్టరుగారు చెప్పారు కానీ, వివరంగా అడగడానికి వీలు చిక్కలేదు. అంత శుభ్రంగా ఉంచే చోట ఇది ఎలా సోకుతుంది? ఇంట్లో ఏడాది నిండని మా పాప ఉంది, ఆమెకేమైనా ప్రమాదమా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేస్తున్న సభ్యురాలు):

అన్నిటికంటే అవసరమైనది ముందుగా చెబుతాను. మీ నాన్నగారి మోకాలిలో లోహపు కీలు ఉంది కాబట్టి, చీము చర్మం కిందనే ఆగిందా, కీలు దాకా వెళ్లిందా అన్నది ఆపరేషన్ చేసిన సర్జనుగారి చేత వెంటనే తేల్పించుకోండి. ఈ బాక్టీరియా లోహానికి అంటుకుని జిగురు పొరగా పేరుకుంటుంది. ఆ పొరలో ఉన్నవాటిని మందులు అంత తేలికగా చంపలేవు. పైపూతలతో, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలతో వారాలు గడిపితే, చివరకు పెట్టిన కీలునే తీసివేయవలసిన పరిస్థితి రావచ్చు.

ఇక రిపోర్టు సంగతి. ‘ఆర్’ అంటే బాక్టీరియా ఆ మందుకు లొంగదని, ‘ఎస్’ అంటే లొంగుతుందని అర్థం. సెఫాక్సిటిన్ మీ నాన్నగారికి ఇవ్వబోయే మందు కాదు, ఎంఆర్‌ఎస్‌ఏను గుర్తుపట్టడానికి మేము వాడే బిళ్ల. ప్లేటు మీద బాక్టీరియాను పరిచి ఈ బిళ్లను ఉంచి, మరునాడు దాని చుట్టూ ఏమీ పెరగని వలయాన్ని స్కేలుతో కొలుస్తాము. అది 22 మిల్లీమీటర్లకు తగ్గితే ‘ఆర్’ వేస్తాము. పెన్సిలిన్ కుటుంబపు మందులు బాక్టీరియా గోడ కట్టుకోవడానికి తోడ్పడే ప్రోటీన్లను పట్టుకుని పని ఆపిస్తాయి. మెక్‌ఎ అనే జన్యువు ఉన్న స్టాఫ్ (స్టెఫైలోకాకస్ ఆరియస్‌ను మేము క్లుప్తంగా ఇలా అంటాము), ఆ మందులకు చిక్కని మరో ప్రోటీన్‌ను తయారుచేసుకుని గోడ కట్టడం కొనసాగిస్తుంది. పెన్సిలిన్‌ను ఛేదించే స్టాఫ్‌ను ఎదుర్కోవడానికి 1959లో బ్రిటన్‌లో మెథిసిలిన్ అనే మందు వాడకంలోకి వస్తే, దానికీ లొంగని రకాలను 1961లోనే ప్యాట్రీషియా జెవన్స్ అనే బ్రిటన్ శాస్త్రవేత్త వెల్లడించారు. మెథిసిలిన్‌కు లొంగని (రెసిస్టెంట్) స్టెఫైలోకాకస్ ఆరియస్ అన్నదానికే ఎంఆర్‌ఎస్‌ఏ పొట్టి పేరు.

దాదాపు ముగ్గురిలో ఒకరి ముక్కులో స్టాఫ్ ఏ హానీ చేయకుండా నివసిస్తుంది, వారిలో కొందరిది ఎంఆర్‌ఎస్‌ఏ. ఆసుపత్రిలో ఒక రోగి నుంచి మరొక రోగికి దీన్ని చేరవేసేవి ప్రధానంగా సిబ్బంది చేతులు. ఒక మంచం దగ్గర డ్రెస్సింగ్ మార్చిన గ్లౌజులతోనే పక్క మంచం కమ్మీని, సెలైన్ గొట్టాన్ని, బీపీ పట్టీని తాకడం మన వార్డుల్లో కనిపించే దృశ్యమే. గ్లౌజులు వేసుకున్నవారు తమ చేతులను కాపాడుకుంటున్నారే తప్ప రోగిని కాదు, మార్చకపోతే. మన దేశంలో 15 కేంద్రాలు కలిసి 2008, 2009 సంవత్సరాల్లో 26 వేలకు పైగా స్టాఫ్ నమూనాలను పరిశీలించినప్పుడు సుమారు 41 శాతం ఎంఆర్‌ఎస్‌ఏ అని తేలింది. అందువల్ల మీ నాన్నగారిది అరుదైన కేసు అనుకోనక్కరలేదు.

జవాబు (ఇంగ్లండ్‌లో వార్డు డాక్టరుగా ఉన్న సభ్యుడు):

పై సభ్యురాలు చెప్పినదానికి ఒక్క మాట చేర్చాలి: దీన్ని తగ్గించడం సాధ్యమే. ఇంగ్లండ్‌లో రక్తంలో ఎంఆర్‌ఎస్‌ఏ కనిపించిన ప్రతి కేసునూ ప్రభుత్వ ఆసుపత్రులు తెలియజేయాలన్న నిబంధన 2001లో వచ్చింది. 2003-04లో అలాంటివి సుమారు 7,700. సగానికి తగ్గించాలని 2004లో లక్ష్యం పెట్టారు. ప్రతి మంచం దగ్గర ఆల్కహాల్ ద్రావణం ఉంచారు, మోచేతి కింద గడియారం, పొడుగు చేతుల కోటు ఉండకూడదన్నారు, ముందుగా నిర్ణయించిన ఆపరేషన్లకు వచ్చేవారి ముక్కు నమూనాలు పరీక్షించడం మొదలుపెట్టారు. దశాబ్దం తిరగకుండానే ఏడాదికి వెయ్యి లోపుకు వచ్చాయి. వీటిలో ఏది ఎంత పనిచేసిందన్న చర్చ ఇప్పటికీ ఉన్నా, ఏ ఆసుపత్రిలో ఎన్ని కేసులో జనానికి తెలిసేలా ప్రకటించడమే యాజమాన్యాలను కదిలించిందని నా గట్టి అభిప్రాయం. మన రాష్ట్రాల్లో కార్పొరేట్ ఆసుపత్రులైనా, ప్రభుత్వ ఆసుపత్రులైనా ఆ అంకెలు బయటపెట్టాలని మనం అడగాలి.

ప్రశ్న వేసిన సభ్యుడు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. రేపు ఉదయమే సర్జనుగారి దగ్గరకు తీసుకువెళుతున్నాము. ఇది ఆసుపత్రిలోనే సోకిందని రిపోర్టును బట్టి చెప్పవచ్చా? పాప విషయం కూడా దయచేసి చెప్పండి.

జవాబు (మైక్రోబయాలజీ సభ్యురాలు):

ఆ ఒక్క రిపోర్టుతో చెప్పలేమండి. ఆయన ముక్కులోనో, చర్మం మీదనో ముందునుంచే ఉండి, కోత దగ్గర లోపలికి చేరి ఉండవచ్చు. అదే సమయంలో ఆపరేషన్ అయిన మరికొందరికి కూడా ఇదే రకం వచ్చిందని తేలితే అప్పుడు ఆసుపత్రిని అనుమానించాలి.

పాపను తాతగారికి దూరంగా ఉంచనక్కరలేదు. గాయం పూర్తిగా కప్పి ఉండాలి, డ్రెస్సింగ్ ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఆయన తువ్వాలు, రేజరు మరెవరూ వాడకూడదు. పాప ఒంటిమీద చీముపొక్కులు కనిపిస్తే మాత్రం పిల్లల డాక్టరుకు ఈ సంగతి చెప్పి చూపించండి. డిశ్చార్జి కాగితాల్లో ఎంఆర్‌ఎస్‌ఏ అని తప్పక రాయించుకోండి. రెండో మోకాలికి ఆపరేషన్ చేయవలసి వస్తే, ముందుగానే ముక్కులో మ్యుపిరోసిన్ అనే మందు పూత, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక ద్రావణంతో స్నానం ఇప్పించి, కోతకు ముందు ఇచ్చే ఇంజెక్షన్‌లో వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ చేర్చాలా అన్నది అక్కడి డాక్టర్లు ఆ కాగితం చూసి నిర్ణయించగలుగుతారు.